సంతోషమ్మ ఇంటి కాగితం

వీలునామా అన్న మాట వింటే నేను మిషను ఆపేస్తాను. నేను దర్జీని, పేరు సుందరరాజు. పాకాల స్టేషను రోడ్డులో ఇంటి తిన్నె మీద కుట్టు మిషను పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా మనుషుల కొలతలు తీస్తున్నాను. ఛాతీ, నడుము, చేతి పొడుగు కొలవడం సులువే. మనిషిలోని కుళ్ళు మాత్రం టేపుకు అందదు. అది బయటికి రావాలంటే ఇంట్లో ఒక ముసలి ప్రాణం మంచాన పడాలి, ఆ ప్రాణం పేరున ఒక ఇల్లుండాలి. మా పక్కింటి సంతోషమ్మకు ఈ రెండూ కుదిరాయి.

సంతోషమ్మది చిత్తూరు పక్కన ఒక పల్లె. క్రైస్తవులు. వాళ్ళ నాయన ఆ పల్లె చర్చిలో గంట కొట్టేవాడు. పదహారేళ్ళకు, రైల్వేలో దీపాలు వెలిగించే ఒకతన్ని పెళ్ళి చేసుకుని పాకాలకు వచ్చింది. పిల్లలు పుట్టలేదు. కాపురానికి వచ్చి పదేళ్ళు కాకముందే ఆ మనిషి షంటింగులో రెండు రైలు పెట్టెల మధ్య ఇరుక్కుని చనిపోయాడు. నేను అప్పుడే కొత్తగా మిషను పెట్టాను. ఆ చావుకు ఆమె తమ్ముడు దేవసహాయం గూడూరు నుంచి వచ్చాడు. అక్కడ ఒక మైకా గనిలో గుమాస్తా. సన్నగా, శుభ్రంగా, ప్రతి మాటకూ దేవుణ్ణి తోడు తెచ్చుకునే మనిషి. పాతిపెట్టి వచ్చిన మరునాడు బావ ఉన్ని కోటు చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, తన కొలతకు తగ్గించమన్నాడు.

"ఆయప్పకు ఇంగ సలి పెట్టదు గదా," అన్నాడు.

తగ్గించి ఇచ్చాను. అక్కను వెంట తీసుకుపోతాడేమో అనుకున్నాం. "అక్కా, నాది సిన్న ఇల్లు. దేవుడు నీకు ఏదో ఒక దోవ సూపిస్తాడు," అని చెప్పి ఆ సాయంత్రమే బండెక్కాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా అతని మొహం పాకాల చూడలేదు.

దేవుడు చూపించిన దోవ ఇడ్లీ పొయ్యి. స్టేషను బయట మూడు రాళ్ళు పెట్టి మొదలుపెట్టింది. కూలీలు, పట్టాలు బాగుచేసే గ్యాంగు మనుషులు, జట్కా తోలే సాయిబులు తినేవారు. తక్కినవాళ్ళు పొయ్యి దాకా వచ్చి, వాసన పీల్చి, "ఏమోళ్ళమ్మా మీరు?" అని అడిగేవారు. ఆమె దాచకుండా చెప్పేది. విన్నవాళ్ళు ముక్కు చిట్లించుకుని పోయేవారు. కాట్పాడి బండి ఆలస్యమైన రోజున మాత్రం ఆ మనుషులే తిరిగొచ్చి, మొహం పక్కకు పెట్టుకుని తిని, మూతి తుడుచుకుని పోయేవారు. ఆకలేస్తే కులం రైలు దిగిపోతుంది, కడుపు నిండితే మళ్ళీ ఎక్కుతుంది. మా ఊరి మీద నాకు రోత పుట్టింది అప్పుడే.

తాయమ్మ ఆమెకు దొరికింది కూడా స్టేషనులోనే. తిరుపతి కొండకు పోయే యాత్రికుల గుంపులో ఒక ఆడమనిషికి వాంతిభేది తగిలింది. తోటి వాళ్ళు ఆమెను మూడో తరగతి షెడ్డులో వదిలేసి, దేవుడి దర్శనం తప్పిపోతుందని వచ్చిన బండి ఎక్కి వెళ్ళిపోయారు. ఆమె పోయింది. పక్కన నడక కూడా రాని ఆడపిల్ల ఏడుస్తూ ఉంటే, పెద్దమనుషులు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి, "అయ్యో పాపం" అంటున్నారు. పాపం అనడానికి కాసింత గాలి ఖర్చు తప్ప ఇంకేమీ కాదు గదా. సంతోషమ్మ వచ్చి పిల్లను ఎత్తుకుని, కొంగుతో మూతి తుడిచి, ఇంటికి పట్టుకుపోయింది. ఎవరూ అడగడానికి రాలేదు. తాయమ్మ అని తనే పేరు పెట్టింది.

ఆ పిల్లను పెంచుతూ, ఆ పొయ్యి మీదే ఆమె ఇల్లు కట్టింది. మొదట మట్టి గోడలు, బోదగడ్డి కప్పు. తర్వాత ఇటుక గోడలు. ఇటుకలు తనే తట్టలో మోసింది. రైల్వే వాళ్ళు పాత చెక్క వేలం వేస్తే కొని దూలాలు, తలుపులు చేయించింది. యుద్ధం రోజుల్లో మిలిటరీ రైళ్ళు ఆగుతుంటే తెల్లవార్లూ పిండి రుబ్బి, మంగుళూరు పెంకు కప్పించింది. నా కళ్ళ ముందర లేచిన ఇల్లు అది. అందులో మొగుడి సొమ్ము లేదు, పుట్టింటి సొమ్ము లేదు. తాయమ్మను ఓబయ్య అనే గ్యాంగు మనిషికి ఇచ్చి చర్చిలో పెళ్ళి చేసింది. ఓబయ్య బాప్తిస్మం తీసుకున్నాడు కానీ పేరు పాతదే నిలిచిపోయింది. నెమ్మదస్తుడు. పట్టాల మీద సుత్తి వేసే చేతులు గట్టివే, నోరు మాత్రం మెత్తన.

ఓబయ్యకు చదువు రాదు. గ్యాంగులో అందరిలాగే జీతం రోజున వేలిముద్ర వేసేవాడు. సంతోషమ్మకు అది నచ్చలేదు. చర్చి బడిలో నాలుగు ముక్కలు నేర్చిన మనిషి. పొద్దున ఇడ్లీలు అయిపోయాక, పొయ్యి పక్కన అల్లుణ్ణి కూర్చోబెట్టి పలక మీద అతని పేరు దిద్దించింది. చేయి పట్టుకుని దిద్దించింది. పలకలు రెండు పగిలాయి. ఆఖరికి ఒక జీతం రోజున ఓబయ్య సంతకం పెట్టాడు. గ్యాంగు మేస్త్రీ ఆ కాగితాన్ని ఎత్తి పట్టుకుని చూశాడని చెప్పి, ఆమె మా ఆవిడను, నన్ను, వీధిలో పోయేవాళ్ళను నిలబెట్టి సంబరపడింది. జీవితంలో ఆమె పడిన గర్వమంతా అదొక్కటే. అదే ఆమె కొంప తీస్తుందని ఎవరనుకున్నారు?

పంతొమ్మిది వందల నలభై ఐదులో ఆమెకు కడుపులో గడ్డ లేచింది. మంచాన పడింది. ఈ కబురు గూడూరుకు ఎట్లా పోయిందో గానీ, ఇరవై ఏళ్ళు అడ్రసు మరిచిపోయిన దేవసహాయం నిమ్మకాయల సంచీ చేత్తో పట్టుకుని దిగాడు. మంచం పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేశాడు. మా తిన్నె దాకా వినబడేట్టు చేశాడు. ప్రార్థన అయ్యాక లేచి, అరచేత్తో గోడ తట్టాడు. ఇంకొంచెం జరిగి ఇంకోచోట తట్టాడు. తల వెనక్కి వంచి దూలాలు చూశాడు. పెరట్లోకి పోయి, "మన హద్దు యాడిదాకా అమ్మీ?" అని తాయమ్మను అడిగాడు. మన హద్దంట! ఆ మాట విని నా చేతిలో సూది వేలికి గుచ్చుకుంది. శవం మీద పేలాలు ఏరుకు తినేవాళ్ళను చూశాను కానీ, శవం కాకముందే ఏరుకోవడానికి కూర్చున్నవాణ్ణి చూడటం అదే మొదలు.

వెళ్ళేటప్పుడు అక్క చెయ్యి పట్టుకుని, "ఈ ఇల్లు మన నాయన పేరు నిలబెడతాది అక్కా. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు," అన్నాడు.

అతను బండెక్కాక సంతోషమ్మ నన్ను పిలిపించింది. గోడ వైపు చూస్తూ పడుకుని ఉంది.

"సుందరం, గోడ తట్టి సూసినాడప్పా," అంది. "నేనింగా లోపలే ఉండాను."

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"తాయమ్మకు రక్తం లేదు, కాగితమన్నా ఉండల్ల. నేను పోతానే దాన్ని ఈదిలోకి నూకేస్తారు. రాసేవాణ్ణి పిలువు," అంది.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే శఠగోపం గారిని పిలిచాను. ఈయన తిరుపతి మనిషి. తండ్రి తాతలు గుడి కైంకర్యంలో ఉన్నవాళ్ళు. ముత్యాల్లాంటి రాత. ఆ రాత మీద ఆయనకున్న అహంకారం చెప్పనలవి కాదు. క్రైస్తవుల ఇల్లు కాబట్టి లోపలికి రానన్నాడు. తన పీట తనే తెచ్చుకుని తిన్నె మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు కూడా మా ఇంట్లోంచి తెమ్మన్నాడు. సంతోషమ్మను మంచంతో సహా గుమ్మం దాకా మోసుకొచ్చాం. తన సొంత ఇంట్లో చావబోయే మనిషి, గడప లోపల. ఆమె ఇంటి గతి రాసేవాడు, గడప బయట. మడి చెడకుండా ఆమె ఆస్తిని పంచిపెట్టాలి ఆయన!

"వీలునామా అంటే ఆషామాషీ కాదమ్మా," అని మొదలుపెట్టాడు. "రాయించేవాళ్ళకు మతి నిలకడగా ఉండల్ల. ఆస్తి సొంత కష్టార్జితమై ఉండల్ల. నాలుగు దిక్కుల హద్దులు తప్పు లేకుండా చెప్పల్ల. పుచ్చుకునేవాళ్ళెవరు, వాళ్ళ తల్లీతండ్రీ ఎవరు, అదీ రాయల్ల. నువ్వు సంతకం పెట్టేది ఇద్దురు సాక్షులు కళ్ళారా సూడల్ల. ఇన్ని ఉంటేనే కాగితం నిలబడతాది. నేను రాసిన కాగితం ఇంతవరకూ పడిపోలేదు."

అన్నీ చెప్పాడు మహానుభావుడు. ఒక్కటి తప్ప.

కాగితం మీద మొదటి ముక్కగా ఆయన తమ సంప్రదాయం ప్రకారం రామానుజులకు నమస్కారం రాయబోయాడు. సంతోషమ్మ ఒప్పుకోలేదు.

"సామీ, ఇది నా కాగితం. మీ దేవుణ్ణి నేనేమీ అనను గానీ, నా కాగితం మింద నా దేవుడుండల్ల."

"అది రాయకుండా నా కలం నడవదమ్మా."

"అట్లయితే యేసయ్య పేరు రాయండి సామీ."

"నా చేత్తోనా?" అని ఆయన కలం కింద పెట్టేశాడు.

ఇంక చూడండి ఆ రగడ. ఒకరు మంచంలోంచి, ఒకరు పీట మీద నుంచి. వీధిలో పోయేవాళ్ళు ఆగి తీర్పులు చెప్పడం. ఒకడు ఏమీ రాయవద్దంటాడు, ఇంకొకడు రెండు పేర్లూ రాయమంటాడు. కడుపు నొప్పితో మెలికలు తిరిగే మనిషి, ఆ నొప్పి మరిచిపోయి వాదించింది. చివరికి 'దైవసాక్షిగా' అని రాస్తే ఇద్దరికీ పనికొస్తుందని నేనే అన్నాను. ఆయన దైవం ఆయనకు, ఆమె దైవం ఆమెకు. కొండంత రాగం తీసి గోరంత పాట పాడినట్టు ఆ ఒక్క మాటతో కాగితం మొదలైంది. పొద్దు మాత్రం బాగా ఎక్కింది.

హద్దులు చెప్పింది. తన కష్టార్జితమని చెప్పింది. తాయమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి శఠగోపం గారు కలం ఆపాడు.

"నాయన పేరు?"

"తెల్దు."

"తల్లి పేరు?"

"నా పేరు రాయి సామీ."

"కన్నతల్లి పేరమ్మా."

"అదీ నా పేరే రాయి," అంది సంతోషమ్మ. గొంతు పెంచకుండా అంది. ఆయన 'అభిమాన పుత్రిక' అని రాశాడు. తాయమ్మ లోపల తలుపు వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంకో షరతు కూడా పెట్టింది. ఆ పొయ్యి దగ్గరికి ఆకలని వచ్చినవాణ్ణి ఏమోళ్ళని అడక్కుండా పెట్టాలి. శఠగోపం గారికి అది మింగుడు పడలేదు. అయినా 'జాతి వివక్ష లేక' అని వంకర్లు తిప్పుతూ రాశాడు. రాసిన తర్వాత మా ఇంటి చెంబులోని నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు.

ఇంక సాక్షులు. ఒక సాక్షిని నేను. రెండో సాక్షిగా స్టేషనులో పనిచేసే గోవిందస్వామిని రమ్మని ముందే చెప్పి ఉంచాం. ఎవరికీ చుట్టం కాడు, సంతకం వచ్చినవాడు. మిలిటరీ బండి ఒకటి ఆలస్యమై అతని డ్యూటీ ఇంకా అయిపోలేదు. కాసేపట్లో వస్తానని కబురు పంపాడు. శఠగోపం గారు ఎండ వైపు చూసి పీట మీద నుంచి లేచాడు.

"శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం వస్తాది. ఆ లోపల సంతకాలు పడల్ల. లేదంటే రేపు సూస్తాము."

"నాకు రాహువు లేడు సామీ," అంది సంతోషమ్మ.

"నాకుండాడమ్మా. రాహుకాలంలో నేను కాగితం ముగించను."

రేపటికి తను ఉంటుందో లేదోనని ఆమె భయం. అప్పుడు ఆమె చూపు ఓబయ్య మీద పడింది. ఆ మొహంలో వెలుగు నేను ఇప్పటికీ మరిచిపోలేను.

"గోవిందస్వామి ఎందుకు? మా అల్లుడుండాడు గదా! మా అల్లుడికి సంతకం వస్తాది సామీ. నేనే నేర్పించినాను," అంది.

శఠగోపం గారు తల ఊపాడు. "బేషుగ్గా పెట్టచ్చు. ఇంటి మనిషే సాక్షి అయితే రేపు ఎవడు నోరెత్తుతాడు? నా చేతి మింద ఇట్లాంటివి ఎన్ని కాలేదు!"

మా వైపు పద్ధతి అదే మరి. ఏ కాగితమైనా ఇంటివాళ్ళ చేత సాక్షి సంతకం పెట్టిస్తే కట్టుబడి ఉంటారని నమ్మకం. సంతోషమ్మ సంతకం పెట్టింది. నేను పెట్టాను. ఓబయ్య చేతులు పంచెకు తుడుచుకుని, గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో అక్షరం నోట్లో చదువుకుంటూ పెట్టాడు. ఆమె మంచంలో మోచేతి మీద లేచి చూసింది. శఠగోపం గారు ఇసుక చల్లి సిరా ఆరబెట్టాడు. రాహుకాలం ఇంకా రాలేదని ఆయనకు ఎంత తృప్తో!

నెల తిరక్కుండానే సంతోషమ్మ పోయింది. నిమ్మళంగా పోయింది. కాగితం రాసిన రోజు నుంచి ఆమె మళ్ళీ తాయమ్మ గురించి దిగులు పడినట్టు నేను చూడలేదు. సమాధి దగ్గర దేవసహాయం అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ఇంటికి వచ్చి కాఫీ తాగి, "అక్క ఏమన్నా రాసి పెట్టిందా?" అని అడిగాడు. తాయమ్మ కాగితం చూపించింది. రెండు సార్లు చదివాడు. ఏడుపు ఆగిపోయింది. ఆ సాయంత్రమే చిత్తూరు బండెక్కాడు.

క్రైస్తవుల వీలునామా జిల్లా కోర్టు ఒప్పుకుంటేనే చెల్లుతుందన్నారు. తాయమ్మ చిత్తూరులో అర్జీ పెట్టుకుంది. దేవసహాయం అడ్డం తగిలాడు. మొదట అతను ఎత్తిన మాట ఏమిటో తెలుసా? నొప్పితో అక్కకు పిచ్చెక్కింది, ఏం రాయిస్తోందో ఆమెకు తెలియదు, అని. సొంత అక్కను, సమాధి మీద మట్టి ఆరకముందే, పిచ్చిది చేశాడు. నేను బోనులోకి ఎక్కి జరిగిందంతా చెప్పాను. దేవుడి పేరు కోసం ఆమె ఎంత తెలివిగా వాదించిందో కూడా చెప్పాను. జడ్జి గారు నవ్వారు. ఆమెకు మతి బాగానే ఉందని కోర్టులో అందరికీ తెలిసిపోయింది. మేం గెలుస్తామనే అనుకున్నాను.

తర్వాత ఓబయ్యను పిలిచారు. దేవసహాయం తరపు వకీలు లావుపాటి మనిషి. గొంతులో తేనె. కాగితం ఓబయ్య ముందు పెట్టాడు.

"ఇది ఎవరి సంతకం నాయనా?"

"నాదే సామీ," అన్నాడు ఓబయ్య. ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "మా అత్త నేర్పించింది."

"మంచిది. ఈ తాయమ్మ నీకు ఏమవుతుంది?"

"నా పెళ్ళాం సామీ. చర్చిలో చేసుకున్నాము."

"చాలు," అని వకీలు కూర్చున్నాడు.

ఇంకేమీ అడగలేదు. తాయమ్మ నా వైపు వంగి, "ఇంతేనా మామా? గెలిచినామా?" అని గుసగుసగా అడిగింది. నేను అవునన్నట్టు తల ఊపాను. మేం పెట్టుకున్న వకీలు మాత్రం తల వంచుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. బయటికి వచ్చాక వరండాలో ఆ లావుపాటి వకీలే, తమలపాకు నములుతూ, మాకు పాఠం చెప్పాడు. క్రైస్తవుల చట్టం ప్రకారం వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవాడికి గానీ, వాడి పెళ్ళానికి గానీ ఆ కాగితంలో ఏది రాసినా అది చెల్లదు. కాగితం మంచిదే. సంతకం మంచిదే. ఇల్లు మాత్రం తాయమ్మకు రాదు. కడుపున పుట్టిన బిడ్డ కాదు కాబట్టి వారసత్వమూ లేదు. ఇంక రక్తసంబంధమంటే తమ్ముడే.

"మీరు హిందువులై ఉంటే ఈ చిక్కే లేదు. ఇది నిక్షేపంగా చెల్లేది," అని చెప్పి ఎర్రగా ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

తీర్పూ అట్లాగే వచ్చింది. మూడు రాళ్ళ పొయ్యితో ఒక ఆడది పాతికేళ్ళు కట్టిన ఇల్లు, రెండు ప్రశ్నలకు పోయింది. అబద్ధం చెప్పి ఉంటే నిలిచేదేమో. ఓబయ్యకు అబద్ధం రాదు.

నేను నేరుగా శఠగోపం గారి దగ్గరికి పోయాను. ఆయన పీట మీద కూర్చుని ఇంకెవరిదో కాగితం రాస్తున్నాడు. విషయం చెప్పాను. నొచ్చుకుంటాడేమో, కనీసం కలం ఆపుతాడేమో అనుకున్నాను.

"వాళ్ళ చట్టం వేరే అని నాకేమి తెలుసప్పా?" అన్నాడు. "నేను రాసిందాంట్లో ఒగ అక్షరం తప్పు సూపించు."

"గోవిందస్వామి వచ్చేదాకా ఆగి ఉంటే సరిపోయేది గదా సామీ."

"రాహుకాలంలో ముగించి ఉంటే మాత్రం నిలబడేదంటావా?" అని ఎదురు ప్రశ్న వేసి, రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఇంట్లో నీళ్ళు తాగితే పోయే మడి, ఆమె ఇల్లు పోగొడితే పోలేదు. ఛీ అనిపించింది. ఆయనను కాదు, ఆయన రాత బాగుంటుందని వెళ్ళి పిలుచుకొచ్చిన మా ఊరి మొత్తాన్నీ అనాలి.

ఓబయ్య మూడు రోజులు పనికి పోలేదు. తిన్నె మీద కూర్చుని కుడిచేతి వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. "అత్త నేర్పిన అచ్చరాలే అత్త ఇంటిని తినేసినాయి," అన్నాడొకసారి. తాయమ్మ కోపంగా లోపల్నుంచి వచ్చింది.

"నువ్వు పెట్టలేదు, అమ్మ పెట్టించింది. ఇప్పుడు అమ్మను తిడతావా? లెయ్. పనికి పో," అంది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు దేవసహాయం బైబిలు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఇదంతా దేవుని చిత్తం. మనం చేసిందేమీ లేదు," అన్నాడు. ఒక పక్క నిజమే. అతను చేసిందేమీ లేదు. ఇటుక మోయలేదు, పిండి రుబ్బలేదు, అక్క మలం ఎత్తలేదు. తాయమ్మ గిన్నెలు, తపేలాలు మూట కట్టుకుంది. రోలు తీసుకోబోతే అతను ఆపాడు. రోలు నేలలో పాతి ఉంది కాబట్టి అది ఇంటితో చేరినదే అన్నాడు. ఆ రోట్లో పిండి రుబ్బి రుబ్బి సంతోషమ్మ అరచేతులు కాయలు కాశాయి. తాయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పోకపోతే ఏమి అమ్మీ?" అన్నాడు దేవసహాయం దయగా. "పెరట్లో వసార ఉండాది. మీరిద్దురూ ఆడ పడుకోండి. నాకు ఇంత వండి పెడతా ఉండు. ఎంతైనా నేను నీకు మామను."

తాయమ్మ అతని మొహంలోకి చూసింది. "మా అమ్మకు తమ్ముడు ఉంటే కదా, నాకు మామ ఉండేది," అని, మూట నెత్తిన పెట్టుకుని నడిచింది. వాళ్ళిద్దరూ పట్టాల పక్కన గ్యాంగు గుడిసెల్లోకి పోయారు. మళ్ళీ మూడు రాళ్ళు పెట్టుకుని ఇడ్లీ పోస్తోంది. సంతోషమ్మ ఇడ్లీలు పాతికేళ్ళు తిన్న ఊరిజనం, చట్టం చట్టమే గదా అన్నారు. ఒక్కడు దేవసహాయం ముఖాన ఉమ్మలేదు. పైగా కొత్తగా ఇంటివాడైనాడని నమస్కారాలు పెట్టారు.

మొన్న, నలభై తొమ్మిది ఆఖర్లో, దేవసహాయం నా తిన్నె మీదికి వచ్చి కూర్చున్నాడు. పని మానేసి, ఆ ఇంట్లోనే కాపురం ఉంటున్నాడు. పెళ్ళాం పోయింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వచ్చినప్పుడల్లా గోడలు తట్టి చూస్తున్నాడట. అది చెప్పి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. జాలి పడదామని నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు.

"సిన్నోడి పేరున ఇల్లు రాసేస్తాను అప్పా సుందరరాజూ," అన్నాడు. "ఈ వీలునామాలో అన్నిటికంటే ముఖ్యం సాక్షి. సాక్షి బయటోడై ఉండల్ల. ఏమీ పొందేవాడు కాకూడదు, వాని పెళ్ళామూ పొందకూడదు. అది నేను బాగా తెలుసుకున్నాను. నువ్వొగ సాక్షివి. ఇంగొగుడు కావల్ల."

ఎవరి ఇల్లు కూల్చి ఆ సంగతి తెలుసుకున్నాడో, ఆ ఇంట్లో నుంచే నడిచొచ్చి, నాకు ఆ తెలివి చెబుతున్నాడు. మిషను ఆపాను.

"నేను పెట్టను," అన్నాను.

"ఎందుకప్పా?"

"నాకంటే బయటోళ్ళు వేరే ఉండారు. నీ ఇంట్లోంచి చిల్లిగవ్వ పొందరు. వాళ్ళ సాక్ష్యాన్ని ఏ కోర్టూ కొట్టెయ్యలేదు."

"ఎవరప్పా?" అని అతను ఆశగా ముందుకు వంగాడు.

"పట్టాల కాడ ఇడ్లీ పోసుకునే తాయమ్మ. ఆ ఇంటికి ఆమెకంటే బయటిది ఈ భూమ్మీద ఇంగెవరూ లేరు. పోయి అడుగు."

ఈ మాటకైనా తల దించుకుంటాడని చూశాను. అతను గడ్డం గోక్కుంటూ, నిజంగానే ఆలోచించాడు.

"ఆయమ్మికి సంతకం వచ్చా?" అని అడిగాడు.